సీరియల్ ఎపిసోడ్ టీవీ కంటే ముందే యాప్‌లో రావడం న్యాయమేనా?

కృష్ణలంక వాసి
చాలా రోజులుగా అడగాలనుకుంటున్నాను. రాత్రి ఏడున్నరకు టీవీలో రావాల్సిన ఎపిసోడ్, డబ్బు కట్టినవాళ్లకు ఆ రోజు పొద్దున్నే యాప్‌లో వచ్చేస్తోంది. హాట్‌స్టార్, జీ5 రెండూ ఈ పద్ధతి పెట్టాయి. మధ్యాహ్నానికల్లా కథంతా యూట్యూబ్ థంబ్‌నెయిళ్ల మీద, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. మా అమ్మ దీపం పెట్టుకుని, వంట ముగించుకుని టీవీ ముందు కూర్చునేసరికి అపార్ట్‌మెంట్‌లో సగం మందికి విషయం తెలిసిపోయి ఉంటుంది. "చూశారా వదినగారూ, ఆ పిల్ల మొత్తానికి నిజం చెప్పేసింది" అని ఎదురింటావిడ అనగానే అమ్మ ముఖం చిన్నబోతుంది. నెలనెలా కేబుల్ బిల్లు మేమూ కడుతున్నాం కదా. యాప్‌లో పెట్టొద్దనడం లేదు, టీవీలో వేసే టైంకే పెట్టమంటున్నాను.

నైట్ డ్యూటీ
అన్నా, మీ బాధ అర్థమైంది గానీ ఒప్పుకోలేను. నేను స్టాఫ్ నర్సుని. ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కాలంటే ఏడింటికే బస్సెక్కాలి. ఏడున్నర స్లాట్ నాకు ఏనాడూ అందలేదు. పొద్దున డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ బస్సులో ఎపిసోడ్ చూసేస్తాను. ఇరవై నిమిషాలు, మధ్యలో యాడ్స్ గోల ఉండదు. మీరన్నట్టు రాత్రికే పెడితే నాకు చూసే వీలు మర్నాడు పొద్దున. ఈలోపు వార్డులో పేషెంట్ల అటెండెంట్లు కథంతా మాట్లాడుకుంటూ ఉంటారు. ఇప్పుడు అమ్మగారికి జరుగుతున్నదే అప్పుడు నాకు జరుగుతుంది.

పాత యాంటెన్నా
1987లో ఆదివారం పొద్దున రామాయణం వస్తుంటే వీధులు ఖాళీ అయ్యేవి. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్లీ వేస్తే మనవలతో సహా కూర్చుని చూశాం. ఒకే టైంకి అందరూ చూస్తేనే ఇంట్లో మాటలుంటాయి. ఇప్పుడు హాల్లో నలుగురు ఉంటే నాలుగు ఫోన్లు.

నైట్ డ్యూటీ
పెద్దాయనా, 1987లో ఉన్నది ఒక్క దూరదర్శనే, 2020లో ఎవరికీ గడప దాటే వీల్లేదు. ఆ రెండూ చూపించి ఇప్పటివాళ్లను అనడం సరికాదండీ. ఆ లాక్‌డౌన్‌లోనూ నేను వార్డులోనే ఉన్నాను.

మీటర్ లెక్క
అసలు డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. టీవీలో దేన్ని ఎంతమంది చూశారో చెప్పే రేటింగ్ లెక్క ఇచ్చేది బార్క్ అనే సంస్థ. దేశం మొత్తం మీద యాభై వేలకు పైగా ఇళ్లలో, ఏం చూశారో నమోదు చేసే దాని మీటర్లుంటాయి. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ప్రతి మనిషీ రిమోట్ మీద తన బటన్ నొక్కాలి. వారానికోసారి, గురువారం అంకెలు వస్తాయి. ఆ అంకెల్లో పొద్దున యాప్‌లో చూసినవాళ్లు లేరు. అంటే సీరియల్‌ను ప్రాణంగా చూసేవాళ్లు, రాత్రిదాకా ఆగలేక డబ్బు కట్టినవాళ్లు, టీవీ లెక్కలో లేనట్టే. రేటింగ్ పడిపోతే యాడ్ రేటు పడుతుంది, తర్వాత స్లాట్ పోతుంది. సెప్టెంబరులో బిగ్‌బాస్ మొదలైనప్పుడల్లా రాత్రి సీరియళ్ల టైములు ఎలా అటూఇటూ అవుతాయో చూస్తూనే ఉన్నాం. మధ్యాహ్నానికి నెట్టేసిన సీరియల్ మళ్లీ రాత్రికి రావడం చాలా కష్టం. యాప్ డబ్బు వస్తోంది కదా అని ఛానల్ తన స్లాట్‌ను తానే పాడుచేసుకుంటోందని నా అభిప్రాయం. డీటీహెచ్ కనెక్షన్లు 2020 చివర్లో దాదాపు ఏడు కోట్లు, 2024 చివరికి ఆరు కోట్ల లోపు. ఉన్న టీవీ ప్రేక్షకులను కాపాడుకోవాల్సిన సమయంలో చేసే పని ఇదా?

వంటింటి శ్రోత
మీరంతా చూడటం గురించి మాట్లాడుతున్నారు. మా ఇంట్లో సీరియల్‌ను చూడటం కంటే వినడం ఎక్కువ. ఏడున్నరకు నేను పొయ్యి దగ్గరుంటాను. హాల్లో టీవీ సౌండ్ పెంచి పెడతాను. పుల్కా తిప్పుతూనే ఎవరు వచ్చారో, ఎవరికి కోపం వచ్చిందో తెలిసిపోతుంది. మ్యూజిక్ ఢాం అన్నప్పుడు మాత్రం గరిటె పట్టుకుని గుమ్మం దాకా వస్తాను. ఆ లోపు అదే ముఖాన్ని మూడుసార్లు చూపిస్తారు కాబట్టి ఏమీ మిస్ అవను. సాగదీస్తున్నారని అందరూ తిడతారు గానీ, పని చేసుకుంటూ వినే మాలాంటివాళ్లకు కథ అందాలంటే అలాగే రాయాలి. పాత్ర మనసులో మాట కూడా పైకి వినిపిస్తారు చూడండి, అదీ అందుకే. కార్తీకదీపం 2017 నుంచి 2023 జనవరి దాకా, 1500 ఎపిసోడ్లు దాటి నడిచింది. అందులో ఎన్నో ఎపిసోడ్లు నేను విన్నవే.

యాప్‌లో పది సెకన్లు ముందుకి నొక్కేసేవాళ్లకు ఇదంతా విసుగే. రేపు వాళ్ల కోసమే రాయడం మొదలుపెడితే డైలాగులు తగ్గుతాయి, కళ్లప్పగించి చూస్తే తప్ప కథ అర్థం కాదు. నా భయమల్లా అది. నర్సమ్మ పొద్దున చూసుకుంటే నాకేం ఇబ్బంది లేదు, హాయిగా చూడమ్మా. రాత్రి ఏడున్నరకు నా వంటింట్లోకి ఆ మాటలు వినపడాలి, అంతే.

కృష్ణలంక వాసి
నర్సమ్మ గారూ, మీ మాట కాదనలేను. మీ పొద్దుటి ఎపిసోడ్ మీకుండాలి. కానీ అమ్మకు కథ ముందే తెలియడంలో ఛానల్ చేతిలో ఉన్న భాగం కూడా ఉంది. మధ్యాహ్నానికే అసలు మలుపును ప్రోమోగా కోసి, ఛానల్ వాళ్లే తమ యూట్యూబ్ పేజీలో పెట్టేస్తున్నారు. యాప్‌లో డబ్బు కట్టి చూసేవాళ్లకు ఆ క్లిప్ అవసరం లేదు, టీవీలో చూసేవాళ్లకు అది చేటు. కాబట్టి నా డిమాండ్ మారుస్తున్నాను: యాప్‌లో పొద్దున్నే ఇవ్వండి, మలుపు ఉన్న క్లిప్ మాత్రం టీవీలో ఎపిసోడ్ అయ్యాకే బయటపెట్టండి. ఇందులో ఎవరికైనా అభ్యంతరముందా?

నైట్ డ్యూటీ
దీనికి నేనూ ఓకే. బయటి పేజీల వాళ్లు పెట్టే థంబ్‌నెయిళ్లకు ఏం చేస్తారన్నది ఇంకా మిగిలే ఉంది.

మీటర్ లెక్క
నా ప్రశ్న కూడా మిగిలే ఉంది. యాప్‌లో చూసినవాళ్లను రేటింగ్‌లో కలపనంతకాలం, ప్రోమో ఆపినా స్లాట్ నిలబడదు.