సమస్య: కాగితమ్మున నగ్గిని కట్టినారు

ఇచ్చిన పాదమే చివర వచ్చేట్టు పద్యాన్ని పూర్తిచేసి, అందులోని విరోధాన్ని తీర్చడమే పూరణ. ఈ వారం సమస్యాపాదం తేటగీతి అనే ఛందస్సులోనిది. కాగితం అగ్గికి ఆహారమే గాని ఆవరణ కాదన్న లోకానుభవమే ఇందులోని చిక్కు. ఇంటిల్లిపాదీ కూర్చుని చేసుకొనే కాగితపు దీపాలను వస్తువుగా తీసుకొని, శ్లేషతోనో విరుపుతోనో తప్పుకోకుండా, ఆ పనితనంతోనే విరోధాన్ని పరిహరించవలసిందిగా సభ్యులకు మనవి.

షోలాపూర్ సభ్యుని పూరణ

మా పెద్దలు మగ్గం పని కోసం ఇక్కడికి వలస వచ్చిన నేతవారు. దీపావళికి గుమ్మం ముందు ఆకాశ్ కందీల్ అనే కాగితపు లాంతరు వేలాడనిదే ఈ ఊళ్లో పండుగ వచ్చినట్టు ఉండదు.

వెదురు బద్దలఁ దాతయ్య కుదురుగాను
వంచి కట్టఁగ నమ్మమ్మ పలుచనైన
రంగు కాగితమంటింప రాత్రి వేళ
కాగితమ్మున నగ్గిని కట్టినారు

నిర్వాహకుని పరిశీలన

తమ్ముడూ, యతికి మొదటి అక్షరాల పొత్తు బదులు రెండవ అక్షరాల పొత్తు చూపే ప్రాసయతి 'వెదురు', 'కుదురు' అని ముచ్చటగా కుదిరింది. మూడవ పాదంలో మాత్రం మూడు చిక్కులున్నాయి. కాగితమన్న మాట ముందే రావడంతో సమస్యలోని ఆశ్చర్యం చల్లబడింది. 'కట్టినారు' అన్న క్రియకు కర్త కనబడడం లేదు. పైగా 'వేళలో' అన్న సప్తమ్యర్థంలోని 'వేళ' చివర నకారం దాగిన ద్రుతాంతం గనుక, దాని తరువాత 'క' బదులు 'గ' అన్న సరళం వచ్చి 'గాగితమ్మున' అని సమస్యాపాదమే మారిపోతుంది. 'రంగు పొర లద్దఁ బిల్లలు రక్తిఁ గూడి' అని చూడండి.

షోలాపూర్ సభ్యుడు

సవరణ శిరోధార్యం, అన్నగారూ. అది మా యింటి వాస్తవానికి కూడా దగ్గరగా ఉంది. చట్రం తాతయ్యది, మైదా ఉడికించి పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురు అమ్మమ్మది, లోపల దీపం నిలిపే భాగ్యం మాత్రం ఎప్పుడూ పిల్లలదే. తడి జిగురుతో వదులుగా కనబడిన పతంగి కాగితం ఆరేకొద్దీ డప్పు తోలులా బిగుసుకోవడాన్ని మేము చెవి ఆనించి వేలితో కొట్టి చూసేవాళ్లం.

కృష్ణా తీరపు సభ్యురాలి పూరణ

క్రీస్తు పుట్టిన రేయికిఁ గిటికి మీఁదఁ
జుక్క వెలిగింప మేనత్త సుతులు గూడి
యైదు మొనలుగఁ జట్రమ్ము నల్లి వారు
కాగితమ్మున నగ్గిని కట్టినారు

నిర్వాహకుని పరిశీలన

అమ్మా, యతులన్నీ నిర్దుష్టం. 'ఐదు', 'అల్లి' అన్న స్వరమైత్రి, అంటే అచ్చుల పొత్తు, సహజంగా పడింది. నా సందేహం ఛందస్సును గురించినది కాదు, చట్రాన్ని గురించినది. ఒక్క చట్రం అయితే అది పలకలా చదునుగా ఉంటుంది. అందులో దీపానికి చోటెక్కడిది?

కృష్ణా తీరపు సభ్యురాలు

న్యాయమైన ప్రశ్న, గురువుగారూ. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, వాటి మొనలను దారంతో కలిపి బిగించి, లోపలి ఐదు మూలల్లోనూ ఐదు పొట్టి పుల్లలను అడ్డంగా నిలిపితే నడుమ ఉబ్బెత్తుగా వస్తుంది. ఆ పుల్లలను సమంగా కోయడమే మా యింట్లో అసలైన పరీక్ష. ఒక్కటి పొడవైనా చుక్క పక్కకు ఒరుగుతుంది. కనుక నా మూడవ పాదాన్ని 'యైదు మొనల చట్రమ్ముల నదికి వారు' అని మార్చుకొంటున్నాను. బహువచనంతో రెండవ చట్రం కూడా పద్యంలోకి వచ్చింది.

మరొక సభ్యుని పూరణ

పండు వెన్నెల లేనట్టి పండుగకును
వేఁడి పైఁ బోవ వాకిలి విడిచి పెట్టి
తాతతండ్రుల దారిలోఁ దనయులెల్ల
కాగితమ్మున నగ్గిని కట్టినారు

నిర్వాహకుని పరిశీలన

నా మట్టుకు ఈ వారం అన్నింటికన్న బిగువైన పూరణ ఇదే. అమావాస్య నాటి దీపావళిని ఆ పేరెత్తకుండా మొదటి పాదం చెప్పింది. రెండవ పాదం సమస్యకు సూటియైన సమాధానం: మంట వేడి పైకే పోతుంది గనుక కందీల్ నెత్తిని కాగితంతో మూయరు, దీపాన్ని నడిమధ్యన కదలకుండా కూర్చోబెడతారు. ఇప్పుడు లోపల బల్బు వెలిగించే ఇళ్లలో సైతం ఆ పై వాకిలిని అలాగే వదులుతున్నారు. షోలాపూర్ తమ్ముడు మూడవ పాదాన్ని సవరించాక తన పద్యాన్ని మళ్లీ పూర్తిగా ఇక్కడ ఉంచవలసిందిగా కోరుతున్నాను.