చిత్తూరు నుంచి వడనెమ్మేలి పాముల సొసైటీకి పిల్లోళ్లతో పోవచ్చా?

చెరుకుతోట_చిత్తూరు:
అందరికీ నమస్తే. మాది చిత్తూరు పక్కన పల్లె. ఇంటెనక చెరుకు తోట, దాన్ని ఆనుకునే శనక్కాయ చేను, ఎలకలు జాస్తి కాబట్టి పాములూ జాస్తి. పాము కనిపిస్తే చాలు అది జెర్రిపోతా తాచా అని కూడా చూడకుండా కట్టెలు ఎత్తుకుని వచ్చేస్తారు. మొన్న ఒక జెర్రిపోతుని కొట్టి చంపేసినారు, దానికి విషం లేదు, ఎలకల్ని తింటాది అని నేను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలా. నాలుగో క్లాసు చదివే మా చిన్నోడు అదంతా చూసి ఆ రాత్రి సరిగ్గా నిద్ర కూడా పోలేదు. మహాబలిపురం దగ్గర ఇరుల వాళ్లే, అంటే తరతరాలుగా పాములు పట్టే గిరిజనులే, నడుపుకునే సొసైటీ ఉందని, అడవి పాముల్ని తెచ్చి కొన్నాళ్లు ఉంచుకుని, విషం తీసుకుని మళ్లీ అడవిలోనే వదిలేస్తారని విన్నా. వాడినీ మా నాయననీ తీసుకుపోదామని ఉంది. పిల్లోళ్లకి సేఫేనా? పాముల్ని హింస పెడతారా? పోయొచ్చినోళ్లు చెప్పండి ప్లీజ్.

లీలామహల్_సెంటర్:
అన్నా తప్పకుండా తీసుకుపోండి. మేము తిరుపతి నుంచి ఫ్యామిలీతో పోయినాం. వడనెమ్మేలిలో ఈసీఆర్ (చెన్నై నుంచి సముద్రం పక్కనే పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదే మొసళ్ల పార్కు ఉంది కదా, దాని కాంపౌండ్ లోపలే ఈ సొసైటీ, దీనికి టికెట్ వేరే. మనం చిన్న గోడ ఇవతల నిలబడి చూస్తాం, పాములు పట్టేవాళ్లు అవతల కింద ఉంటారు, కాబట్టి పిల్లోళ్లని గోడ మీదకి ఎక్కనీకుండా పట్టుకుంటే ఏం భయం లేదు.

లోపల వరసగా మట్టికుండలు, మూతికి గుడ్డ కట్టి ఉంటాది, పాములు వాటిల్లోనే. ఒకాయన రక్తపింజర ఉన్న కుండ గుడ్డ విప్పినాడు చూడండి, కుక్కర్ లోంచి ఆవిరి కొట్టినట్టు బుస, మా పాప నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ఆయన మాత్రం ఏ కంగారూ లేకుండా కొక్కెంతో బయటికి తీసి, తల కింద మెడ దగ్గర ఒడుపుగా పట్టుకుని, పైన పొర బిగించిన గాజు గ్లాసు అంచున కరిపించినాడు. కోరలు పొరలోకి దిగినాయి, లోపల గాజు మీద పసుపు రంగు చుక్కలు మెల్లగా జారినాయి. అంతే, మళ్లీ కుండలోకి.

తీసేది నాలుగు రకాల పాముల విషమే, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఆ విషాన్ని ఎండబెట్టి పొడి చేసి మందుల కంపెనీలకి అమ్ముతారు, వాళ్లు గుర్రాలకి కొంచెం కొంచెంగా ఎక్కించి ఆ రక్తం నుంచి పాముకాటు సూది మందు తయారు చేస్తారు. మన దేశంలో సూది మందుకి వాడే విషంలో ఎక్కువ భాగం ఈ సొసైటీ నుంచి పోయేదే.

హింస సంగతి అడిగినారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తా, కుండలో ఉండటం అడవిలో ఉన్నట్టు కాదు. కానీ ఒక్కో పామునీ మూడు నాలుగు వారాలే ఉంచుకుంటారు, ఆ లోపల వారానికోసారి విషం తీసి, పొట్ట కింద పొలుసు మీద చిన్న గుర్తు పెట్టి వదిలేస్తారు, ఆ గుర్తు ఉన్న పాము మళ్లీ దొరికితే పట్టరు. ఒకప్పుడు ఇదే ఇరుల వాళ్లు చర్మాల వ్యాపారులకి పాముల్ని పట్టిచ్చి బతికేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం, తర్వాత చర్మాల ఎగుమతి నిషేధం వచ్చినాక ఆ బతుకుదెరువు పోయింది, అప్పుడు పాముల నిపుణుడు రోములస్ విటేకర్ సాయంతో 1978లో ఈ సొసైటీ పెట్టుకున్నారు. పాముని చంపితేనే కూడు దొరికే పనిని, పాముని ప్రాణంతో వదిలితేనే కూడు దొరికే పనిగా మార్చినారు, నాకైతే దానికన్నా గొప్ప విషయం కనపడలా. వాళ్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ ఇద్దరికీ 2023లో పద్మశ్రీ వచ్చింది, అమెరికాలో ఫ్లోరిడా వాళ్లు కొండచిలువల్ని పట్టడానికి వీళ్లనే పిలిపించుకున్నారు.

నర్సమ్మ_పలమనేరు:
మీ నాయనగారికి ఆ గాజు గ్లాసు దగ్గర నుంచి చూపించండి అన్నా, సూది మందు ఎట్లా వస్తాదో తెలిస్తే దాని మీద నమ్మకం కుదురుతాది. నేను నర్సుని, మా దగ్గరికి వచ్చే పాముకాటు కేసుల్లో చాలా మంది ముందు మంత్రం వేయించుకునో, కాలికి తాడు బిగించుకునో లేటుగా వస్తారు. కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, చెయ్యి కాలు కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేసి వచ్చేయండి. పామును చంపి సంచిలో తేవాల్సిన పని అసలు లేదు, ఆ నాలుగు పాములకీ ఒకటే సూది. రక్తం తీసి గాజు ట్యూబులో 20 నిమిషాలు పెడతాం, గడ్డ కట్టకపోతే ఎక్కువగా పింజర కాటే. కట్లపాముతో ఇంకా జాగ్రత్త, రాత్రి కింద పడుకున్నోళ్లని కరుస్తాది, నొప్పీ ఉండదు వాపూ ఉండదు, తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం. పల్లెలో అందరికీ చెప్పండి, దోమతెర కట్టుకుని మంచం మీద పడుకోమని.

పుత్తూరు_రైతుబిడ్డ:
మన పక్క చేలల్లో ఎలకలు పట్టే యానాదుల వాళ్లకి పాముల సంగతి ఎంత తెలుసో, బొరియ చూసి లోపల ఏముందో చెప్పేస్తారు. వాళ్లకీ ఇట్లాంటి సొసైటీ ఒకటి మన జిల్లాలో ఉంటే ఎంత బాగుంటాది అని నాకు ఎప్పుడూ అనిపిస్తాది. తిరుమల కొండ మీద పాము కనిపిస్తే టీటీడీ వాళ్లు పట్టించి అడవిలో వదిలిపెడతారు, పల్లెల్లో మనకి పిలిస్తే వచ్చేవాళ్లు ఏరి?

చెరుకుతోట_చిత్తూరు:
అందరికీ చాలా థాంక్స్. నర్సమ్మ అక్కా, మీరు రాసింది మా వీధి గ్రూపులో పెట్టేస్తా. మా నాయన కూడా వస్తానన్నాడు. దారి ఎట్లా, ఆదివారం అయితే పర్వాలేదా?

లీలామహల్_సెంటర్:
మీకు రాణిపేట, కాంచీపురం, చెంగల్పట్టు, పక్షితీర్థం మీదుగా మహాబలిపురం పోయి, అక్కడ నుంచి ఈసీఆర్‌లో చెన్నై వైపు కొంచెం దూరం. ఆదివారం జనం ఎక్కువ, చిన్నోడికి ముందు చోటు దొరకదు, మామూలు రోజు పొద్దున్నే పోండి. ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ బట్టి పాములు పడతారు కాబట్టి ఆ రోజు విషం తీసి చూపిస్తారో లేదో బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.