అల్జీమర్స్ రోగుల గుర్తింపునకు చర్మం కింద అమర్చే చిప్ పనికొస్తుందా?

అల్జీమర్స్ వ్యాధి వల్ల మా నాన్నగారు ఇల్లు దాటితే తన పేరు కూడా చెప్పలేకపోతున్నారు కనుక, చర్మం కింద అమర్చే గుర్తింపు చిప్ గురించి తెలిసినవారి సలహా కోరుతున్నాను. అమెరికాలో 2004లో అక్కడి ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన వెరిచిప్ అనే చిప్ బియ్యపు గింజంత ఉండేదనీ, బ్యాటరీ లేకుండా, దగ్గరకు తెచ్చిన రీడర్ (చిప్‌ను చదివే పరికరం) పంపే రేడియో తరంగాల శక్తితోనే పనిచేసి 16 అంకెల సంఖ్యను మాత్రమే అందించేదనీ, వైద్య వివరాలు వేరే డేటాబేస్‌లో ఉండేవనీ చదివాను. అంటే మనిషి ఎక్కడున్నారో అది చెప్పదు. పైగా 2010లో దాని అమ్మకాలు ఆగిపోయాయి.

ఇటువంటి చిప్‌ను మనుషులకు అమర్చే వైద్యులు ఇప్పుడు మన దేశంలో ఉన్నారా? దానితో ఎంఆర్ఐ పరీక్షకు ఇబ్బంది కలుగుతుందా? సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్న తండ్రి శరీరంలో, ఆయన బదులు మేము నిర్ణయించి దీన్ని పెట్టించడం సబబేనా అన్న సందేహమే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధిస్తోంది. ఫోన్ నంబరు చెక్కిన కడియం, జీపీఎస్ గడియారం వంటివి వాడినవారు, రోగి వాటిని తీసి పారేయకుండా ఏం చేశారో దయచేసి తెలియజేయగలరు.