టై తీసేయమన్నారు, మెడ బోసిగా ఉంది. మీరంతా ఎప్పుడు మానేశారు?

మడతనలగని:

అందరికీ నమస్తే. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

నాకు 47. ఇరవై రెండేళ్ళుగా ఆఫీసుకు టై కట్టుకునే వెళ్తున్నాను. మొదటి ఉద్యోగంలో అది రూలు. మాలో ఒకడు తన సొరుగులో ఎప్పుడూ ఒక టై ఉంచేవాడు, మర్చిపోయి వచ్చినవాళ్ళకి అప్పిచ్చేవాడు. దాని మీద ఎవరెవరివో టీ మరకలు ఉండేవి, అయినా దానికే గిరాకీ. ఒకసారి అది కూడా దొరక్క అలాగే మీటింగుకి వెళ్తే నాకు మెమో ఇచ్చారు. నోటిమాట కాదు, కాగితం మీద. ఆ తర్వాత ఉద్యోగాలు మారాను, రూలు పోయింది, అలవాటు మాత్రం ఉండిపోయింది. పొద్దున్నే అద్దం ముందు ముడి వేసుకునే ఆ రెండు నిమిషాల్లో ఇంటి గొడవలన్నీ ఇంట్లోనే ఆగిపోతాయి నాకు.

పోయిన నెల కొత్త మేనేజర్ వచ్చాడు, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. పక్కకి పిలిచి "సార్, ఏమీ అనుకోకండి, మీరు టైతో కూర్చుంటే కొత్త పిల్లలు డౌట్ అడగడానికి కూడా జంకుతున్నారు, ఎవరో ఆడిట్‌కి వచ్చారనుకుంటున్నారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, తప్పుగా ఏమీ అనలేదు. కానీ ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. లేనందుకు మెమో తీసుకున్నవాణ్ణి, ఇప్పుడు ఉన్నందుకు మాట పడ్డాను.

మూడు రోజుల నుంచి టై లేకుండానే వెళ్తున్నాను. మాట్లాడే ముందు ముడి సర్దుకోవడం అలవాటు కదా, చెయ్యి దానంతటదే పైకి పోతుంది, అక్కడేమో బొత్తాం తప్ప ఏమీ లేదు. అడగాలనుకున్నది ఇదీ: మీలో ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు? ఇంకా కట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేక నేనొక్కడినే మిగిలానా?

ఒకేఒక్కటై:

అన్నా, నాకు 26. నా దగ్గర ఉన్నది ఒక్కటే టై. నాలుగేళ్ళ క్రితం రూమ్మేట్ ముడి వేసిపెట్టాడు, ఇప్పటికీ ఆ ముడి విప్పలేదు. కావాల్సినప్పుడు వదులు చేసి తల మీదుగా తొడుక్కోవడం, పని అయ్యాక అలాగే తీసి తలుపు వెనక తగిలించడం. విప్పితే మళ్ళీ కట్టడం రాదు, అదీ అసలు భయం.

చివరిసారి వేసుకున్నది ఒక వీడియో ఇంటర్వ్యూకి. పైన టై, కింద నిక్కరు. కెమెరా ఆన్ అయ్యాక చూస్తే అవతల ఉన్న ముగ్గురూ టీషర్టుల్లో ఉన్నారు, ఒకాయన జుట్టు కూడా దువ్వుకోలేదు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అనిపించింది. తీసేద్దామంటే చూస్తున్నారు, ఉంచుకుందామంటే సిగ్గు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ మేనేజర్ చెప్పింది నిజమే. టై కట్టుకున్నాయన కనిపిస్తే మా బ్యాచ్‌లో ఎవరికైనా ముందు వచ్చే ఆలోచన "ఏం తప్పు చేశాం" అనే. మీరు మంచివారే అయ్యుంటారు, కానీ అది తెలియాలంటే ముందు మీ దగ్గరికి రావాలి కదా.

కాజా_బొత్తాం:

నేను మగవాళ్ళ బట్టల వ్యాపారంలో పాతికేళ్ళుగా ఉన్నాను, టైలు అమ్మాను, కొన్నాళ్ళు కుట్టించాను కూడా. ముందుగా ఆ రెండో కామెంటు రాసిన తమ్ముడికి: బాబూ, ఆ ముడి ఇవాళే విప్పు. నాలుగేళ్ళు ముడిలో ఉన్న టై లోపలి గుడ్డ ఆ మడతలోనే సచ్చిపోతుంది.

టై అంటే ఊరికే పొడుగాటి గుడ్డ ముక్క అనుకుంటారు గానీ దాంట్లో చాలా పనితనం ఉంది. గుడ్డను నిలువుగా కాదు, 45 డిగ్రీల ఏటవాలులో కోస్తారు. 1920ల్లో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన అలా ఏటవాలుగా కోసి మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ కోత వల్లే లాగితే కాస్త సాగి, వదిలితే మళ్ళీ తన ఆకారానికి వస్తుంది, మెలి తిరగకుండా నిటారుగా వేలాడుతుంది. వెనక్కి తిప్పి చూడండి, చివర్లో ఒక వదులు దారం కనిపిస్తుంది. కుట్టు లోపం అనుకుని చాలామంది కత్తిరించేస్తారు. అది టై సాగడానికి వదిలిన దారం, కత్తిరిస్తే మొత్తం కుట్టే ఊడొస్తుంది.

ఇక అమ్మకాల సంగతి. ఒకప్పుడు మనిషికి ఏడాదికి నాలుగైదు, పండగొస్తే ఇంకో రెండు. వెడల్పు మారినప్పుడల్లా పాతవి పనికిరావు కాబట్టి మళ్ళీ కొనేవారు. 60ల్లో సన్నగా రిబ్బనులా, 70ల్లో చేపలా వెడల్పుగా, మాకు అదే బతుకుతెరువు. ఇప్పుడు రెండు సందర్భాలకే వస్తారు, ఇంటర్వ్యూ, పెళ్ళి. పెళ్ళివాళ్ళయితే ఒకేసారి ఎనిమిది ఒకే రంగువి అడుగుతారు, ఫోటో కోసం. అమెరికాలో టైలు తయారుచేసేవాళ్ళకి దాదాపు అరవై ఏళ్ళ నుంచి ఒక సంఘం ఉండేది, 2008లో దాన్నే మూసేశారు. అయితే ఒకటి గమనించాను. ఇప్పుడు కొనేవాళ్ళు తక్కువేగానీ, కొనేవాడు గుడ్డను చేత్తో పట్టుకుని చూసి కొంటాడు. వెనకటికి పెట్టెలోంచి తీసి కూడా చూసేవాళ్ళు కాదు.

డ్యూటీ_డాక్టర్:

నేను మానేసింది ఫ్యాషన్ కోసం కాదు. టై ఎవరూ ఉతకరు. పేషెంటు మీదికి వంగితే అది వెళ్ళి దుప్పటికి తగులుతుంది, ఆ తర్వాత పక్క బెడ్డు దుప్పటికి. 2004లో న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రిలో 42 మంది వైద్య సిబ్బంది టైలు పరీక్షిస్తే 20 టైల మీద రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు దొరికాయి. అక్కడి సెక్యూరిటీ వాళ్ళ టైలు పది చూస్తే ఒక్కదాని మీదే. 2007లో బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులకు మోచేతుల కింద ఏమీ ఉండకూడదనే నియమం వచ్చినప్పుడు, పేషెంట్లను చూసేటప్పుడు టైలు కూడా వద్దన్నారు. టై వల్లే ఇంత మందికి జబ్బు వచ్చిందని ఎవరూ లెక్కగట్టలేదు గానీ, లాభం లేని గుడ్డకి ఆ రిస్క్ ఎందుకని మా వాళ్ళు వదిలేశారు.

ఇంకొకటి, ఇది మీకు నేరుగా పనికొచ్చేది. బిగుతుగా కట్టుకునే అలవాటు ఉంటే కంటి పరీక్షకి వెళ్ళినప్పుడు వదులు చేసుకోండి. బిగించిన టై వల్ల కంట్లో ఒత్తిడి పెరుగుతుందని 2003లో ఒక పరిశోధనలో తేలింది, మెడ సిరలు నొక్కుకుపోయి రీడింగ్ ఎక్కువ చూపించి, లేని గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) ఉందేమోనని టెన్షన్ పడతారు. 2018లో జర్మనీలో కీల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఎమ్మారై తీసి చూస్తే, బిగించి విండ్సర్ ముడి (లావుగా వచ్చే ఒక రకం టై ముడి) వేసుకున్న కుర్రాళ్ళకి మెదడుకి వెళ్ళే రక్తం సుమారు 7.5 శాతం తగ్గింది. దీన్ని పట్టుకుని "టై కడితే మెదడు పనిచేయదు" అని ఫార్వర్డులు తిరుగుతుంటాయి, అలా ఏమీ కాదు, ఆరోగ్యంగా ఉన్నవాడికి ఆ తేడా తెలియను కూడా తెలియదు. కాలర్‌లో రెండు వేళ్ళు పట్టేలా ఉంటే చాలు.

తలకిందులు:

అందరూ సౌకర్యం గురించి మాట్లాడుతున్నారు. టై ఎప్పుడూ సౌకర్యం కోసం పుట్టలేదు, నేను ఎవరినో చెప్పడానికే పుట్టింది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు కోసం యుద్ధం చేయడానికి వచ్చిన క్రొయేషియా సైనికులు మెడకి గుడ్డ చుట్టుకునేవారు, అది చూసి రాజుగారి కొలువులో వాళ్ళు మోజు పడ్డారు, టైకి ముందున్న ఆ మెడగుడ్డని క్రవాట్ అనేవారు, ఆ మాట క్రొయేషియా పేరులోంచే వచ్చింది. కూలికి యుద్ధం చేసినవాడి మెడగుడ్డ దొరల మెడకెక్కింది, అక్కడి నుంచి గుమాస్తా మెడకి దిగింది.

ఇప్పుడు ఎక్కడుందో ఒకసారి చుట్టూ చూడండి. హోటల్ రిసెప్షన్‌లో కుర్రాడికి టై. ఇంటింటికీ తిరిగి వస్తువులు అమ్మేవాడికి టై. సెక్యూరిటీ గార్డుకి టై, అదీ క్లిప్పుది, ఎవరైనా పట్టుకుని లాగితే ఊడి చేతికొచ్చేలా. ఇంటర్వ్యూకి వెళ్ళేవాడికి, కోర్టు బోనులో నిలబడేవాడికి టై. వీళ్ళందరినీ చూసి మార్కులు వేసే పెద్దమనిషేమో గుండ్రటి మెడ టీషర్టులో ఉంటాడు. అంటే లెక్క తిరగబడింది. ఒకప్పుడు టై లేనివాడు కిందివాడు. ఇప్పుడు టై లేకుండా తిరగగలిగినవాడే పైవాడు. పలుపుతాడు ఎద్దు మెడకే గానీ రైతు మెడకి ఉండదు కదా.

పై నుంచి వదిలించుకున్నవాళ్ళ కథలు చూడండి. 1998లో నెదర్లాండ్స్ రాణి భర్త ప్రిన్స్ క్లాస్ నలుగురి ముందూ టై విప్పి కింద పడేశాడు, జనం చప్పట్లు కొట్టారు. అప్పటి గ్రీసు ప్రధాని సిప్రాస్ తన దేశం అప్పుల భారం తగ్గేదాకా టై కట్టనన్నాడు, 2018లో ఒప్పందం కుదిరాక ఒక సభకి కట్టుకొచ్చి, ప్రసంగం మధ్యలోనే తీసేశాడు. జపాన్‌లో 2005లో ప్రభుత్వమే వేసవిలో టైలు వద్దంది, ఆఫీసుల్లో ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టుకోమని. ఇదొక్కటే నాకు నిజంగా తెలివైన కారణం అనిపిస్తుంది. కింద నుంచి తిరగబడితే మాత్రం అంత మర్యాదగా ఉండదు. 2021లో న్యూజిలాండ్ పార్లమెంటులో రావిరి వైటిటి అనే మావోరీ (అక్కడి మూలవాసి) ఎంపీ టై బదులు తమ సంప్రదాయ పతకం వేసుకొచ్చాడు, టై అంటే వలసపాలన ఉరితాడన్నాడు. సభలోంచి బయటికి పంపారు. ఆ గొడవయ్యాకే అక్కడ టై కట్టుకోవాలనే రూలు ఎత్తేశారు.

అందుకే అడుగుతున్నా, మీ మేనేజర్ "వద్దు" అనడం స్వేచ్ఛ ఎలా అవుతుంది? నలుగురితో నారాయణా అనాలి అనేది అప్పుడూ రూలే, ఇప్పుడూ రూలే. నారాయణ స్థానంలో గోవింద వచ్చాడు, అంతే.

రెండోషిఫ్ట్:

మధ్యలో దూరుతున్నందుకు సారీ, నేను మగవాళ్ళ లిస్టులో లేను. మీ పోస్టు చదివి మొదట నవ్వొచ్చింది, ఒక్క గుడ్డ ముక్క గురించి ఒకరు ఒక్కసారి మాటంటే నిద్ర పట్టలేదన్నారు. మాకు రూలు కాగితం మీద ఉండదు సార్, రోజూ ఒకరు ఏదో ఒకటి అంటారు, ఎక్కువైందనో తక్కువైందనో. తర్వాత మళ్ళీ చదివితే బాధే అనిపించింది. ఇరవై రెండేళ్ళు ఒకే పద్ధతిలో తయారైన మనిషికి అది తీసేస్తే వెలితిగానే ఉంటుంది.

పనికొచ్చే మాట ఒకటి. టై మానేసిన మగవాళ్ళు చాలామంది అదే పాత చొక్కా వేసుకుని పై బొత్తాం విప్పేస్తారు. అది టై కోసం కుట్టిన కాలర్, పట్టుకునేది లేక రెండు పక్కలా వాలిపోయి, మనిషి డ్యూటీ దిగి ఇంటికెళ్తున్నట్టు కనిపిస్తాడు. గట్టి కాలర్ ఉన్న చొక్కా కొనుక్కోండి, ఒక్క బొత్తామే విప్పండి. మా ఆయనకి ఈ సంగతి చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మడతనలగని:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. డాక్టర్ గారూ, పోయినసారి కంటి పరీక్షలో ప్రెషర్ బోర్డర్‌లో ఉందన్నారు నాకు. టై ఉంది ఆ రోజు. మళ్ళీ వెళ్ళి చూపించుకుంటాను.

తలకిందులు గారు రాసింది చదివాక ఒక విషయం తట్టింది. మా ఆఫీసు గేటు దగ్గర గార్డుకి టై తప్పనిసరి. అతనికి ఎవరూ "పిల్లలు జంకుతున్నారు, తీసెయ్" అనలేదు. నిన్న ఇదే మాట మేనేజర్‌తో అన్నాను, గొడవగా కాదు, మామూలుగానే. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నేను చెప్పింది రూలు కాదు సార్, మీ ఇష్టం" అన్నాడు. గార్డు సంగతి మాత్రం తన చేతిలో లేదన్నాడు.

నా ఇష్టం అనేసరికి ఇంకా ఇబ్బంది అయింది, నిజం చెప్తున్నా. ఇవాళ పొద్దున టై చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చివరికి కట్టుకోలేదు. కొత్త కుర్రాడు ఒకడు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని అరగంట సేపు ఫైలు అర్థం చేసుకుని వెళ్ళాడు, రెండు నెలల్లో మొదటిసారి. టై లేనందుకా, వాడికి అవసరం పడ్డందుకా అనేది నాకు తెలియదు. బయటి వాళ్ళతో మీటింగులున్న రోజు మాత్రం కట్టుకుంటాను, అది మానే ఉద్దేశం లేదు.

కాజా బొత్తాం గారూ, ఇంట్లో పదిహేడు ఉన్నాయి. ఎక్కువ సిల్కువి, రెండు అల్లినవి. వేలాడదీయాలా, చుట్టి పెట్టాలా?

కాజా_బొత్తాం:

సిల్కువి వేలాడదీయండి, ముడి పూర్తిగా విప్పాకే. మరీ నలిగినవి ఉంటే ఒక రోజు చుట్టి ఉంచితే మడతలు పోతాయి. ఇస్త్రీ పెట్టె నేరుగా పెట్టొద్దు, అణిగిపోతుంది. అల్లినవి మాత్రం వేలాడదీస్తే సాగిపోతాయి, వాటిని చుట్టి సొరుగులో పెట్టండి. అప్పుడప్పుడూ తీసి గాలికి వేయండి.