పుస్తకం పట్టకముందే చదువుకి పునాది పడుతుందా?

ప్రశ్న: పాపకు 9 నెలలు. ఇప్పుడు మాటలు వినిపిస్తే తర్వాత చదవడానికి పనికొస్తుందా? ఫోన్‌లో పాటలు పెడితే చాలదా?

జవాబు 1: పనికొస్తుందండీ. 6 నెలల దాకా పిల్లలు ఏ భాష ధ్వనులనైనా వేరుగా గుర్తించగలరు. 10–12 నెలలకల్లా చుట్టూ వినిపించే భాష మీదే పట్టు బిగుస్తుంది. ఫోన్ మాత్రం చాలదు. 2003లో వచ్చిన అమెరికా శాస్త్రవేత్త పాట్రీషియా కూల్ ప్రయోగంలో 9 నెలల అమెరికన్ పిల్లలు మనిషి ఎదురుగా ఉండి మాట్లాడితేనే మాండరిన్ (చైనా భాష) ధ్వనులు పట్టుకున్నారు, వీడియోలో చూపిస్తే లేదు. పాప "బా" అంటే మీరూ అనండి, కాసేపు ఆగండి. మళ్లీ తన వంతు.

జవాబు 2: నాలుగేళ్లప్పుడు శబ్దాల ఆట మొదలుపెట్టండి: "కమలలో క తీసేస్తే?" ఇది ఎంతకీ రాని పిల్లలకు చదవడం తరచూ కష్టమవుతుంది. అక్షరాలు దిద్దించే తొందర అనవసరం (పెద్దలకే ఆ ఆత్రం).

జవాబు 3: చెవులు మరవకండి. లోపల నీరు చేరితే మాట మసకగా వినిపిస్తుంది. 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా వినికిడి పరీక్ష చేయించండి.