రష్యా పారా జట్టుకు జెండా తిరిగివ్వడం సబబేనా?

గోదారిగట్టు:
విషయం తెలియనివాళ్ల కోసం ముందుగా రెండు ముక్కలు. సెప్టెంబర్ 2025లో సియోల్‌లో వికలాంగ ఆటగాళ్ల ఒలింపిక్స్ అయిన పారాలింపిక్స్‌ను నడిపే అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ (ఐపీసీ) సభ్యులు ఓటేసి రష్యా, బెలారస్‌ల సభ్యత్వాన్ని పూర్తిగా తిరిగిచ్చేశారు. కాబట్టి మార్చి 2026 ఇటలీ వింటర్ పారాలింపిక్స్‌కు రష్యా తన జెండాతో, తన జాతీయ గీతంతో రావడానికి ఐపీసీ వైపు నుంచి అడ్డు లేకుండా పోయింది. రష్యా మీద పూర్తి సస్పెన్షన్ తీర్మానానికి అనుకూలంగా 55, వ్యతిరేకంగా 111 ఓట్లు. పాక్షిక సస్పెన్షన్‌కు (అంటే జెండా లేకుండా తటస్థులుగా ఆడనివ్వడానికి) 77, 91. నన్నడిగితే ఇది తప్పు నిర్ణయం. 2022లో వాళ్లను పంపించేయడానికి ఉన్న కారణం ఇవాళా అలాగే ఉంది. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం ఆగిందా?

ఓరుగల్లు రన్నర్:
అన్నా, ప్రభుత్వం చేసిన పనికి కాలు లేని ఆటగాడికి శిక్ష ఏంటి? 2022 బీజింగ్ వింటర్ పారాలింపిక్స్‌లో ఏం జరిగిందో గుర్తుచేసుకో. మార్చి 2న "తటస్థులుగా ఆడండి" అన్నారు. మార్చి 3న "ఇంటికి పోండి" అన్నారు. 4న ప్రారంభోత్సవం. రష్యావాళ్లు 71 మంది, బెలారస్‌వాళ్లు 12 మంది. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకు ఒక్క రోజులో తలుపేశారు.

లాయర్ బాబాయ్:
గోదారిగట్టు గారూ, "కారణం అలాగే ఉంది" అన్న మాట పూర్తిగా నిలబడదు. 2022 మార్చిలో ఐపీసీ అధ్యక్షుడు ఆండ్రూ పార్సన్స్ చెప్పిన కారణం వేరు. చాలా దేశాలు ఆడబోమన్నాయి, క్రీడాగ్రామంలో పరిస్థితి చేయి దాటేలా ఉంది. అంటే అది తీర్పు కాదు, ఆటలు ఆగకుండా చేసుకున్న సర్దుబాటు. సభ్యత్వం మీద సస్పెన్షన్ వేసింది ఆ తర్వాత నవంబర్‌లో, బెర్లిన్‌లో. 2023లో బహ్రెయిన్‌లో దాన్ని పాక్షికం చేశారు. మెట్టు మెట్టుగా దిగుతూనే వచ్చారు, సియోల్ చివరి మెట్టు.

కృష్ణవేణి:
బాబాయ్ గారూ, మీరు నిబంధనలే చూస్తున్నారు. అవతలి జట్టును, ఉక్రెయిన్‌ను, కూడా చూడండి.

ఆటలప్పుడు యుద్ధం వద్దంటూ ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న ఒలింపిక్ సంధి ఒకటుంది. ఒలింపిక్స్‌కు ఏడు రోజుల ముందు మొదలై పారాలింపిక్స్ అయ్యాక ఏడు రోజుల దాకా ఉంటుంది. 2014లో రష్యాలోని సోచిలో ఒలింపిక్స్ అయిపోయి పారాలింపిక్స్ మొదలయ్యేలోపు ఉక్రెయిన్‌లోని క్రిమియాలోకి రష్యా సైన్యం దిగింది. 2022లో మళ్లీ అదే సందులో, ఫిబ్రవరి 24న, దాడి. రెండుసార్లూ దెబ్బ తగిలింది పారాలింపిక్స్‌కే. ఒలింపిక్స్ హాయిగా ముగిశాయి.

సోచి ప్రారంభోత్సవంలో ఉక్రెయిన్ తరఫున ఒక్క మిఖాయిలో త్కాచెంకో మాత్రమే జెండా పట్టుకుని వచ్చాడు, మిగతా జట్టు రాలేదు. అయినా ఆడి 25 పతకాలు తీసుకెళ్లారు. బీజింగ్‌కు 20 మంది ఆటగాళ్లు, చూపులేనివాళ్ల ముందు స్కీ చేస్తూ దారి చూపే గైడ్లు 9 మంది వచ్చారు. 11 స్వర్ణాలతో కలిపి 29 పతకాలు. చైనా తర్వాత రెండో స్థానం! అనస్తాసియా లలెటినా అనే అమ్మాయి మాత్రం ఒక పోటీ నుంచి తప్పుకుంది. సైనికుడైన వాళ్ల నాన్నను రష్యావాళ్లు పట్టుకున్నారని కబురొచ్చింది. మెడిసిన్ చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు ఆ రోజుల్లోనే ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ బంకర్లలో నీళ్లకు కటకటలాడారు, మర్చిపోయామా?

ఇక పారాలింపిక్స్ పుట్టిందే యుద్ధంలో నడుము విరిగిన సైనికుల కోసం. 1948లో ఇంగ్లండ్‌లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో. ఇవాళ యుద్ధం కొత్త వికలాంగులను తయారుచేస్తుంటే, తయారుచేస్తున్న దేశం జెండాకు చప్పట్లు కొట్టమంటున్నారు.

సోడాబుడ్డి:
మరి అమెరికా? 2006 టోరినో వింటర్ పారాలింపిక్స్‌లో వాళ్ల జట్టు ఇరాక్ యుద్ధం నడుస్తుండగానే జెండాతో నడిచింది. అప్పుడు ఈ ఆవేశం ఎక్కడికి పోయింది?

గోదారిగట్టు:
అప్పుడు అడగకపోవడం తప్పే. అందుకని ఇప్పుడూ అడగొద్దా? వర్ణవివక్ష వల్ల దక్షిణాఫ్రికాను 1980 నుంచి 1992 బార్సిలోనా వచ్చేదాకా పారాలింపిక్స్‌కు రానివ్వలేదు. "ఆటగాళ్లేం చేశారు" అని అప్పుడూ అన్నారు.

ఓరుగల్లు రన్నర్:
దక్షిణాఫ్రికాలో వివక్ష క్రీడల్లోకి కూడా వచ్చింది కదన్నా, జట్టు ఎంపికలోనే రంగు చూసేవాళ్లు. ఇక్కడ అలా కాదు.

కానీ కృష్ణవేణి గారు చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకుంటా. జెండా వేరు, మనిషి వేరు. పారిస్ 2024లో మన వరంగల్ దీప్తి జీవాంజి 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగం)లో కాంస్యం గెలిచిన పరుగులో స్వర్ణం ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూలియార్‌ది. ఆ ఆటల్లో రష్యావాళ్లు జెండా లేకుండా తటస్థులుగా ఆడారు, కొంపలేమీ మునగలేదు. 2018 ప్యాంగ్‌చాంగ్ వింటర్ పారాలింపిక్స్‌కు డోపింగ్ గొడవ వల్ల అలాగే వచ్చి 24 పతకాలు పట్టుకెళ్లారు. ఆ ఏర్పాటు బాగానే నడిచింది కదా, దాన్ని ఎందుకు తీసేశారో నాకూ అర్థం కాలేదు.

లాయర్ బాబాయ్:
77–91 ఓటు మీరంటున్న ఆ మధ్యేమార్గం మీదే తమ్ముడూ. అది ఓడిపోయింది. పైగా ఇంకో చిక్కుంది. స్కీయింగ్, బయాథ్లాన్ (స్కీ, షూటింగ్ కలిసిన పోటీ), కర్లింగ్ (మంచు మీద రాయి జార్చే ఆట)లకు అర్హత పోటీలు నడిపేది వాటి వాటి ఫెడరేషన్లు. అవి రానివ్వకపోతే ఐపీసీ సభ్యత్వం ఉన్నా అర్హత పాయింట్లు రావు.

గోదారిగట్టు:
అంటే ఓటేసి మంచిపేరు వీళ్లు కొట్టేసి, "కాదు" అనే చెడ్డపేరు వాళ్లకు అంటగట్టారన్నమాట.

లాయర్ బాబాయ్:
నేను అంత మాట అనను. మీరంటే మాత్రం కాదనను 🙂

కృష్ణవేణి:
సరే, వచ్చారే అనుకుందాం. బయాథ్లాన్‌లో రష్యాకు స్వర్ణం, ఉక్రెయిన్‌కు రజతం. గీతం వేస్తారు. పక్కన నిలబడనని ఉక్రెయిన్ ఆటగాడంటే క్రమశిక్షణ చర్య తీసుకుంటారా?

ఓరుగల్లు రన్నర్:
తీసుకోకూడదు. ఆడనివ్వాలని నేను అంటున్నది రెండు వైపులవాళ్లకూ వర్తించాలి. నిలబడనన్నవాడి పతకం జోలికి పోకూడదని ముందే రాసిపెట్టాలి.