ప్రాగ్‌లో మాకున్నవి శని, ఆదివారాలే. అమ్మకు మెట్లెక్కడం కష్టం, కోట వదిలేయాలా?

బాటసారి:
వచ్చే నెల అమ్మానాన్నలతో ప్రాగ్ వెళ్తున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు కనిపిస్తే చాలు టెన్షన్. కోట, చార్లెస్ బ్రిడ్జి, పాత గడియారం, యూదుల శ్మశానం అనుకున్నాం. కోట మానుకోమంటారా?

నీలిగాజు:
కోట మానొద్దండీ. కొండెక్కే పనే లేదు. 22 నంబరు ట్రామ్‌లో ప్రాజ్‌స్కీ హ్రద్ స్టాపు దాకా వెళ్తే కోట వెనక వైపు దిగుతారు, అక్కణ్ణుంచి పెద్దగా ఎత్తు ఉండదు. చూడటం అయ్యాక దిగడమే కదా అని మెట్ల దారి పట్టకండి, మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే. మళ్లీ 22 ఎక్కి మాలోస్ట్రాన్‌స్కే నామ్యెస్తీలో దిగండి. బ్రిడ్జి అక్కడికి దగ్గరే. అన్నట్టు, వీధులన్నీ రాళ్లు పరిచినవే, అమ్మగారికి మెత్తటి బూట్లు తప్పనిసరి.

కోటకి శనివారమే వెళ్లండి. ఆదివారం ఉదయం కోటలోని సెయింట్ వైటస్ కేథడ్రల్‌లో ప్రార్థనలుంటాయి, మధ్యాహ్నం దాకా సందర్శకుల్ని పంపరు. శ్మశానం సంగతి సరిగ్గా దీనికి తలకిందులు, అది శనివారం మూసేస్తారు.

ఈ కేథడ్రల్ 1344లో మొదలుపెడితే పూర్తయింది 1929లో. గైడ్లు గోపురాల గురించి చెబుతూనే ఉంటారు గానీ, నన్నడిగితే ఎడమవైపు చిత్రకారుడు ముఖా గీసిన రంగుల గాజు కిటికీ ఒక్కటి చాలు. మధ్యలో ఎర్రబట్టలు కట్టుకుని, నాయనమ్మ లుద్మిలా పక్కన ఉన్న పిల్లాడే వాత్స్‌లావ్. చెక్ వాళ్లకి కులదైవం లాంటివాడు. ఎండ పడ్డప్పుడు చూడాలి ఆ రంగులు!

గవ్వలు:
గడియారం మీద మరీ ఆశలు పెట్టుకోకండి. 1410 నాటిదంటే గొప్పే, కానీ గంట కొట్టినప్పుడు జరిగే తతంగం నిమిషంలో అయిపోతుంది. జనమంతా పైన కిటికీల్లో తిరిగే అపొస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మల్ని ఫోన్లో తీస్తుంటారు. మీరు కుడిపక్క అస్థిపంజరాన్ని చూడండి, తాడు లాగి గంట కొట్టేది అదే. ఒక చెయ్యి మాత్రం పర్సు మీదుంచండి. గడియారం ఉన్న టౌన్ హాల్ పక్కనే నేలమీద 27 తెల్ల శిలువలుంటాయి, 1621లో అక్కడ మరణశిక్ష అమలైన 27 మందివి. చాలామంది చూసుకోకుండా తొక్కుకుంటూ పోతారు.

బాటసారి:
చాలా థాంక్సండీ! నాన్న యూరోలు తెస్తున్నారు, సరిపోతాయా?

నీలిగాజు:
కొన్నిచోట్ల తీసుకుంటారు గానీ మారకం రేటు వాళ్ల ఇష్టం. అక్కడ చెల్లేది కొరునా. కార్డు దాదాపు అంతటా నడుస్తుంది. డబ్బు మార్చాల్సొస్తే, ‘కమీషన్ లేదు’ అన్న బోర్డు కాదు, చేతికి ఎన్ని కొరునాలు వస్తాయో అడగండి. మోసపోయామనిపిస్తే, వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా అదే కౌంటర్లో రద్దు చేయించుకునే హక్కు చట్టంలోనే ఉంది. రసీదు మాత్రం పారేయొద్దని నాన్నగారికి చెప్పండి.